ఖాకాలో ఖాళీలు

మా మనవరాలికి ఒక ఆట ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల గుర్తులు ఒక్కొక్కటే ఫోన్‌లో తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో ఏం దాచారో చెప్పు తాతా" అంటుంది. ఒకదాంట్లో రెండు వంకర బ్రాకెట్లు పిట్ట రెక్కల్లా విచ్చుకొని ఉంటాయి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనంతా ఆ బ్రాకెట్ల మధ్యే పెడతారట. ఇంకోదాంట్లో ఒక నిలువు గీత, దాని చుట్టూ ఒక సున్న. యంత్రానికి తెలిసిన అంకెలు ఆ రెండేనట. నేను చెప్పలేకపోతే చప్పట్లు కొట్టి నవ్వుతుంది. రెండు మూడు ఆడి, కళ్ళు లాగుతున్నాయని లేచిపోతాను. నిజానికి కళ్ళు లాగవు.

అలాంటి గుర్తు ఒకటి ఎనభైలలో శాలిబండ రోడ్డు మీద, ఒక మేడ మెట్ల పైన చూశాను. దాన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి. ఎవరు చేసిన తప్పుకు సిగ్గుపడాలో తెలిస్తే సిగ్గు కొంత తేలికవుతుంది. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు.

అప్పుడు మేం జహనుమాలో ఉండేవాళ్ళం. నాన్న రైల్వేలో రిటైరయ్యాడు. నేను ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల బోర్డులు రాసే ఒక పెయింటర్ ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. మా ఆవిడను చెల్లె అనేవాడు. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి గిన్నె వచ్చేది, బోనాలకు మా ఇంటి నుంచి వెళ్ళేది.

ఆయన తండ్రి బోర్డులు రాసేవాడు కాదు, ఖాకాలు కొట్టేవాడు. పెళ్ళి బట్టల మీద జరీ పని చేసేవాళ్ళకు ముందుగా గుడ్డ మీద నమూనా పడాలి. దాని కోసం పల్చటి కాగితం మీద తీగలూ పూలూ గీసి, ఆ గీతల వెంట సూదితో సన్నటి పొక్కలు పొడుస్తారు. అదే ఖాకా. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని పైన రుద్దితే పొక్కల గుండా చుక్కలు దిగుతాయి. ఆ చుక్కల వెంట కుట్టుకుంటూ పోతారు. భాయ్ చిన్నప్పుడు ఆ సూది పట్టినవాడే. తర్వాత రేకు మీదికీ, ఎనామిల్ రంగుల మీదికీ మారాడు కానీ పద్ధతి మారలేదు. ఏ బోర్డుకైనా ముందు ఖాకీ కాగితం మీద అక్షరాలు గీసి, పొక్కలు పొడిచి, బొగ్గుపొడి మూటతో రేకు మీద అద్ది, అప్పుడు కుంచె పట్టేవాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఒకే తూకంతో నిలబడేవి.

బోర్డు పూర్తయ్యాక కుడివైపు కింది మూలలో ఒక చిన్న కైరీ వేసేవాడు. కైరీ అంటే పచ్చి మామిడికాయ. చీరల అంచుల మీద ఉండే ఆ వంపు కాయ. తక్కిన పెయింటర్లు తమ పేరు రాసి పక్కన ఆర్ట్స్ అని తగిలించేవాళ్ళు. ఈయన కైరీ ఒక్కటే వేసేవాడు, అదీ గీతతో కాదు, చుక్కలతో. "ఇదేంది భాయ్, పేరు రాయవా?" అని ఒకసారి అడిగాను.

"అబ్బాజాన్ నా చేతికి సూది ఇచ్చి మొదాల్ కొట్టిపిచ్చింది కైరీ. ఖాకా పనోడు చూస్తే చుక్కలు చూసి నేను ఎవని కొడుకునో చెప్తడు. చెప్పరానోనికి మామిడికాయ. నడుస్తది."

గుర్తులో గుర్తు దాచడం నేను మొదటిసారి విన్నది ఆయన దగ్గరే.

ఆ కైరీ మీద ఆయనకు ఎంత పట్టింపు ఉండేదంటే, మనసుకు నచ్చని బోర్డు మీద వేసేవాడు కాదు, మళ్ళీ రాసి అప్పుడు వేసేవాడు. ఫలక్‌నుమా నుంచి శాలిబండ దాకా కిరాణా కొట్లు, దర్జీలు, మందుల షాపులు, ఇరానీ హోటల్ ఒకటి, అన్నింటి మూలల్లో అది ఉండేది. "ఇన్నేండ్లల్ల నా బోర్డు ఒక్కటి దిగలె తమ్మీ. వాన కొట్టని, ఎండ కొట్టని" అనేవాడు. మా గేటు పక్కన నాన్న పేరుతో ఉన్న రేకు పలక కూడా ఆయనదే. దాని మూలలోనూ కైరీ ఉండేది.

ఇక కంపెనీ సంగతి. నాతో హైస్కూల్లో చదివినవాడొకడు ప్రభుత్వ రంగ సంస్థ ఒకదాంట్లో కంప్యూటర్ సెంటర్‌లో చేసేవాడు. అంత మంచి నౌకరీ వదిలేసి సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడుతున్నానని ఒకరోజు మా ఆఫీసుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో మా ఎడిటర్‌కు కూడా తెలియని కాలం. వాళ్ళ నాన్న కొడుకుతో మాట మానేశాడు. శాలిబండలో వాళ్ళ మేనమామ మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉంటే అక్కడే మొదలుపెడుతున్నాడు.

హోటల్లో చాయ్ ముందు కూర్చొని అడిగాడు. "అరే, మీ దిక్కు బోర్డు రాసేటాయన ఉన్నడు కద. మంచి చెయ్యి కావాలె. మా పెద్దసారొస్తుండు ఓపెనింగ్‌కు. నాకు పని నేర్పినాయన. మొదటి పని ఆయన చేతులనే ఉన్నది."

"ఏం రాయాల్నో చెప్పు, నేను చెప్త."

"రాసుడు కాదు, ఒక గుర్తున్నది. నేనే సోంచాయించిన. తెలిసినోనికే తెలుస్తది. నీకు చెప్ప. బోర్డు ఎక్కినంక చూసి చెప్పు, అప్పుడు నిన్ను పేపరోడు అంట."

"పోరా, పెద్ద ఖజానా దాస్తున్నవ్."

"ఖజానానే అనుకో."

మర్నాడు భాయ్‌ని తీసుకెళ్ళి పరిచయం చేసి, డ్యూటీకి వేళైందని వచ్చేశాను. నేను మెట్లు దిగాక నా మిత్రుడు ఒక కవరులోంచి పల్చటి కాగితపు పట్టీ ముక్క తీసి ఆయన చేతికిచ్చాడట. దాని నిండా గుండ్రటి పొక్కలు. "భాయ్, ఇది ఉన్నదున్నట్టు పెద్దగ చేసి బోర్డు పైన పట్టీ లెక్క వెయ్యాలె. పసుపు మీద నలుపు. కింద కంపెనీ పేరు" అన్నాడట. అంతకు మించి చెప్పలేదు. దాచుకున్న ముచ్చట కదా.

నాలుగు రోజుల తర్వాత పొద్దున పాల కోసం వెళ్తుంటే భాయ్ తన అరుగు మీద రేకుకు మొదటి పూత పూస్తూ కనిపించాడు.

"తమ్మీ, మీ దోస్తుకు ఖాకా కొట్టిచ్చినోడు ఎవడోగాని, పనోడు కాడు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకు భాయ్?"

"సూది ఎగిరెగిరి పడ్డది. ఒక్క వరుస నిండుగ లేదు. ఒకదాంట్ల రెండు, ఒకదాంట్ల మూడు. నడుమ సన్న పొక్కలు మాత్రం సక్కగ కొట్టిండు. పెద్దయి కొట్టేటప్పుడు నిద్రవొయ్యిండు కావచ్చు."

"మరి అడిగినవా?"

ఆయన కుంచె ఆపి నా వైపు చూశాడు, నేనేదో పిల్లవాడి మాట మాట్లాడినట్టు. "ఎట్ల అడుగుతం తమ్మీ? మా గల్లీల రివాజు ఉన్నది. ఖాకా తప్పొస్తే పట్టుకున్న చెయ్యి నింపుతది. నోరిప్పది. నోరిప్పితే కొట్టినోని ఇంట్ల పొయ్యి ఆరుతది, ఇచ్చినోని ముఖం చిన్నగైతది. మీ దోస్తు ఎంత ఖుషీగ ఇచ్చిండో. అది తీసుకపొయ్యి ఆయన ముఖం మీద పెట్టాల్నా? నేను నింపుత. ఆయనకు తెల్వనే తెల్వది."

ఖాకా అనగానే నా కళ్ళ ముందు కనిపించింది తీగలూ పూలూ ఉన్న ట్రేసింగ్ కాగితం. కంప్యూటర్ కంపెనీకి తీగలూ పూలూ ఏమిటని కూడా నాకు తట్టలేదు. ఎంత పెద్ద మనసు ఈయనది అనుకుంటూ పాలు తీసుకొని ఇంటికి వచ్చాను. మా ఆవిడతో చెబితే, "భాయ్ అంతే" అంది.

ఆదివారం పొద్దున ఓపెనింగ్. మేడ ముందు వాకిట్లో షామియానా వేశారు, కుర్చీలు వేశారు. భాయ్ ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా పైజామాలో, అత్తరు వాసనతో, ముందు వరుస చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో స్టీలు డబ్బా. భాబీ ఖుబానీ మీఠా చేసి పంపిందట. బోర్డుకు గుడ్డ కట్టడం లాంటిదేమీ లేదు, అందరికీ కనపడుతూ మెట్ల పైన ఉంది. నేను గేటులోకి వచ్చి తలెత్తాను.

పసుపు పట్టీ మీద నల్ల గుండ్రాలు. ఎక్కడా ఖాళీ లేదు. అంచు నుంచి అంచు దాకా, ఒక్కొక్క వరుసా నిండుగా. మధ్యలో సన్న చుక్కల బారు. కింద మూడు లిపుల్లో కంపెనీ పేరు. మూలలో కైరీ. చూడటానికి అంత అందమైన బోర్డు ఆ రోడ్డు మీద లేదు.

ఆ పట్టీని నేను ఎరుగుదును. మా పత్రిక ఆఫీసులో టెలిప్రింటర్ గది ఉండేది. అక్కడ ఆపరేటర్ మీటలు నొక్కితే ఇలాంటి కాగితపు పట్టీ మీదే పొక్కలు పడేవి. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో అక్షరం, నడుమ సన్న పొక్కలు పట్టీని లాగడానికి. ఏ చోట పొక్క ఉంది, ఏ చోట లేదు అన్నదాన్ని బట్టి యంత్రం అక్షరాన్ని చదువుకుంటుంది. తప్పు పడితే ఏం చేస్తావని నేను ఆపరేటర్‌ను అడిగాను ఒకసారి. "పొక్కను పూడ్చలేం కద సార్. అందుకే పట్టీ ఎన్కకు జరిపి, ఆ వరుసల ఖాళీలన్ని పొడిచేస్తం. వరుస నిండితే కొట్టేసినట్టు. యంత్రం దాన్ని లెక్క చెయ్యది" అన్నాడు. మా పట్టీ ఐదు పొక్కలది, ఈ బోర్డు మీద ఉన్నది ఎనిమిదిది. కానీ తప్పును కొట్టేసే పద్ధతి రెండింటికీ ఒకటేనని నాకు తెలుసు.

నా మిత్రుడు దాచిన ఖజానా అదన్నమాట. కంపెనీ పేరును పొక్కల్లో రాశాడు. భాయ్ ఖాళీలు నింపాడు. బోర్డు పైభాగం ఇప్పుడు చెప్పేదొక్కటే: ఇక్కడొక పేరు ఉండేది, కొట్టేశారు.

గబగబా మెట్ల కింద అతిథుల కోసం ఎదురుచూస్తున్న మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. నోరు తెరవకముందే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నాకెర్కే. పొద్దుగాల చూసిన. ఊకో."

"పెద్దాయన చూస్తే?"

"ఆయనకు చూపు తగ్గింది, చూడడనుకుంట. అటు చూడురా, భాయ్ ఎట్ల మురిసిపోతుండో. పొద్దుటి నుంచి రోడ్డు మీదికి పొయ్యి చూసొస్తుండు, మల్ల వచ్చి కూసుంటుండు. ఇప్పుడు ఎట్ల చెప్త? ఈ రెండు గంటలు గడవని. రేపు పిలిచి మెల్లగ చెప్త."

భాయ్ మావైపే చూసి, నవ్వి, గడ్డంతో బోర్డు వైపు సైగ చేశాడు. ఎట్లున్నది అని. నేను తల ఊపాను.

పెద్దసారు వచ్చాడు. పొట్టిగా, పెద్ద కళ్ళద్దాలతో, చొక్కా జేబులో రెండు పెన్నులు. శిష్యుడి భుజం తట్టాడు. కుర్చీ చూపిస్తుంటే వద్దని, తలెత్తి బోర్డు చూశాడు. చూపు తగ్గిన మనిషి కళ్ళద్దాలు ముక్కు మీదికి జరుపుకొని, ఒక వేలు గాలిలో ఎత్తి, వరుస వెంట వరుస కదిపాడు. ఏళ్ళ తరబడి పట్టీలను వేళ్ళతో చదివిన అలవాటు. వేలు చివరి దాకా వెళ్ళి ఆగింది. మొదటికి వచ్చి మళ్ళీ కదిలింది.

తర్వాత ఆయన గట్టిగా నవ్వాడు. అందులో వెటకారం లేదు. పాత స్నేహితుణ్ణి ఊహించని చోట చూసినవాడి నవ్వు.

"ఏమయ్యా! కంపెనీ తెరవకముందే పేరు కొట్టేశావా? అన్నీ రబౌట్లే, కొట్టివేతలే!"

ఆయన వెంట వచ్చిన ఇద్దరు ముగ్గురు కంప్యూటర్ సెంటర్ వాళ్ళు తలెత్తి చూసి నవ్వారు. వాళ్ళు నవ్వారని చుట్టాలు నవ్వారు. అందరూ నవ్వుతున్నారని భాయ్ నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వాడు. డబ్బా కుర్చీ మీద పెట్టి లేచి, చేతులు జోడించి పెద్దాయనకు ఆదాబ్ చేశాడు. నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు.

"ఏమన్నడు తమ్మీ? మంచిగున్నదన్నడా?"

 ఆలోపు పెద్దాయన ఇటు తిరిగాడు. "ఓహో, పెయింటర్ గారు మీరేనా? చాలా బాగా వేశారండీ. కానీ ఈ కోడ్ ఉంది చూశారూ, ఫుల్ కాలమ్ పంచ్ చేస్తే డిలీట్ అన్నమాట" అని మొదలుపెట్టి, భాయ్ ముఖం చూసి ఆగాడు. తను మాట్లాడుతున్నది అవతలి మనిషికి అందడం లేదని ఆయనకు తెలిసింది. నా వైపు చూశాడు. "మీరు పేపరు వారటగా. కాస్త వారి భాషలో చెప్పండి."

అందరూ నన్నే చూశారు. మిత్రుడు నేల చూశాడు.

నేను చెప్పాను. చెప్పడం నా వృత్తి. తెలియని సంగతి తెలియనివాడికి అర్థమయ్యేటట్టు, పొల్లు మాట లేకుండా. ఒక్కొక్క వరుస ఒక్కొక్క అక్షరం భాయ్. పొక్క ఉన్నచోటు ఎంతో లేనిచోటూ అంతే. రెండూ కలిస్తేనే అక్షరం. తప్పు పడితే దాన్ని కొట్టెయ్యనీకి అన్ని చోట్లా పొడుస్తారు. ఇట్లా నాలుగు ముక్కల్లో అయిపోయింది. నేను అంత తేటగా ఏ వార్తా రాయలేదు.

భాయ్ బోర్డు వైపు చూడలేదు. నా పెదవుల వైపే చూస్తున్నాడు.

"అంటే ఖాళీలు తప్పు కాదా?"

"కాదు భాయ్. ఖాళీలతోనే పేరు."

"నింపితే?"

"నింపితే పేరు లేనట్టు."

ఆయన అప్పుడు తలెత్తి బోర్డు చూశాడు. తర్వాత ఎవరితోనూ కానట్టు, "మై తో ఐబ్ ఛుపాయా సమ్ఝా" అన్నాడు. నేనొక లోపాన్ని కప్పాననుకున్నాను అని.

అప్పుడు మిత్రుడు వచ్చి భాయ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాదే తప్పు భాయ్. నేను చెప్పాల్సింది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి." పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఛ ఛ, నేను సరదాకి అన్నానండీ, తొందరపడ్డాను" అంటున్నాడు. చుట్టాల్లో ఒకావిడ, పేరు పోతే మాత్రం బోర్డు మస్తున్నది గదా అంది. ఎవరికి వారు తమదే తప్పంటుంటే మధ్యలో ఆ మనిషి ఇంకా ఇంకా చిన్నవాడవుతున్నాడు. ఎవరైనా ఒకరు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కూడా ఒక మాట అని, లొల్లి చేసి, తేలిగ్గా ఇంటికి పోయేవాడు.

భాయ్ చేతులు విడిపించుకున్నాడు. మెట్ల కింద ఆయన నిచ్చెనా, రంగుల పెట్టే ఇంకా అక్కడే ఉన్నాయి. నిచ్చెన తీసి గోడకు వేశాడు. "భాయ్, ఇప్పుడొద్దు, రేపు చేద్దాం" అని మిత్రుడు అడ్డం పోయాడు.

"మొత్తం రేపు చేస్త సాబ్. ఒక్కటి ఇప్పుడు చెయ్యాలె."

తెల్ల కుర్తాతోనే ఎక్కాడు. పసుపు రంగు డబ్బాలో కుంచె ముంచి, మూలలో ఉన్న కైరీ మీద రెండు సార్లు పూశాడు. కైరీ పోయింది. దిగాడు. కుర్తా చేతి మీద పసుపు మరక పడింది. నిచ్చెన మడిచి యథాస్థానంలో పెట్టి, షామియానాలో ఉన్న అందరికీ ఒకసారి సలాం చేసి గేటు దాటి వెళ్ళిపోయాడు. స్టీలు డబ్బా కుర్చీ మీద ఉండిపోయింది. మిత్రుడు మూత తీసి అందరికీ పెట్టించాడు. ఖుబానీ మీఠా చాలా బాగుందని అందరూ అన్నారు. నేనూ తిన్నాను.

రెండు రోజుల తర్వాత భాయ్ మా ఆఫీసుకు వచ్చాడు. గేటు దగ్గర కబురు పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా నిలబడ్డాడు.

"సార్, ఆ మిషను ఒకపారి చూడొచ్చునా?"

సార్ అన్నాడు. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. "అదేంది భాయ్, సార్ ఏంది?" అన్నాను. ఆయన నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు.

టెలిప్రింటర్ గదికి తీసుకెళ్ళాను. మా ఆపరేటర్ సరదా మనిషి. భాయ్‌కి కుర్చీ వేసి, పట్టీ మీద అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి చూపించాడు. భాయ్ ప్రతి వరుసనూ వెలుతురుకు పట్టి చూసి, జేబులోంచి నా మిత్రుడిచ్చిన పట్టీ తీసి పక్కన పెట్టుకొని, ఖాళీలను గోటితో గుర్తు పెట్టుకున్నాడు. ఖాకా పని చేసిన కన్ను కదా, ఆపరేటర్ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"భాయ్, రెండు దినాలు కూసుంటే నా కుర్చీ గుంజుకుంటవ్" అన్నాడు ఆపరేటర్.

"తప్పు కొట్టి చూపియ్యి భయ్యా."

"తప్పా? తప్పు కొట్టుడు నాకు మంచిగస్తది" అని నవ్వి, ఆపరేటర్ ఒక అక్షరం తప్పు కొట్టి, పట్టీ వెనక్కి జరిపి, వరుస మొత్తం పొడిచాడు. భాయ్ ఆ నిండిన వరుస మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రుద్దాడు.

"ఇదేనా నేను చేసింది?"

"ఇదే" అన్నాడు ఆపరేటర్. ఆయనకు ఏమీ తెలియదు.

"పేరు లేనట్టు."

"అంతే. మిషను దాన్ని చూడనే చూడది."

భాయ్ ఆ పట్టీ ముక్కను అడిగి తీసుకొని వెళ్ళాడు.

ఆ వారంలోనే బోర్డు మళ్ళీ రాశాడు. వాళ్ళు కొత్త రేకు తెప్పిస్తామంటే వద్దని, పాతదే గీకి, ఖాళీలు ఖాళీలుగా, పొక్కలు పొక్కలుగా వేశాడు. పెద్దసారు ప్రత్యేకంగా వచ్చి వేలితో చదివి, సరిగ్గా ఉందన్నాడట. కంపెనీకి ఆయన దగ్గరి పని దొరికింది. మిత్రుడు భాయ్‌ని బతిమాలాడు, మూలలో కైరీ వెయ్యమని. "బోర్డు మీదే సాబ్. తప్పింది నా చెయ్యి" అన్నాడట భాయ్. మిత్రుడు ఆ మూలలో ఇంకేమీ రాయనివ్వలేదు, ఫోన్ నంబరు కూడా పక్కకు జరిపించాడు. ఆ కంపెనీ తర్వాత నగరం అవతలి వైపుకు మారేదాకా ఆ మూల ఖాళీగానే ఉండేది.

అంతటితో అయిపోయిందని అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గర నిలబడి నాన్న పేరు పలక వైపు చూస్తోంది.

"భాయ్ వచ్చిండు" అంది. "కుంచె తెచ్చుకున్నడు. పలక పాతగైంది, రంగేస్తడేమో అనుకున్న. మూలకు ఇంత నలుపు పూసి పోయిండు. ఏంది భాయ్ అంటే, ఏం లేదు చెల్లె, చిన్న తప్పుండె అన్నడు."

నాన్న పేరు అలాగే ఉంది. మూలలో చుక్కల కైరీ లేదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న ఖాళీలు, కాయ లోపలి ఖాళీ, అన్నీ నలుపుతో నిండి ఉన్నాయి. కంపెనీ బోర్డు మీద చేసినట్టు పైన వేరే రంగు పూసి కనపడకుండా చేయలేదు. ఆకారం ఆకారంగానే ఉంచి లోపలంతా నింపాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద లేడు. భాబీ పర్దా వెనక నుంచి, "పొద్దుగాల నుంచి బోర్డుల మీదనే తిరుగుతుండు భయ్యా. అన్నం కూడ తినలె. ఎవరేమన్నరో నాకైతే చెప్తలేడు" అంది. నేను చెప్పగలిగి ఉండేవాణ్ణి. వస్తానని చెప్పి రోడ్డెక్కాను.

కిరాణా కొట్టు బోర్డు మూలలో నల్లటి కాయ. మందుల షాపు మీద నల్లటి కాయ. ఇరానీ హోటల్ ఎత్తైన బోర్డు మీద, అక్కడికి నిచ్చెన ఎలా వేశాడో కానీ, అక్కడా నల్లటి కాయ. తడి ఆరని రంగు సాయంత్రపు ఎండకు మెరుస్తోంది. శాలిబండ దాకా నడిచాను. ఆయన ఎక్కడా ఎదురుపడలేదు. ఎదురుపడితే సార్ అంటాడని నాకు భయంగానే ఉంది.

దర్జీ షాపు ముందు దర్జీ స్వయంగా రోడ్డు మీదికి వచ్చి, మెడలో టేపుతో, తన బోర్డు చూసుకుంటున్నాడు. నన్ను చూసి పిలిచాడు.

"పేపరన్నా, గిటు రా. భాయ్ మార్కా మార్చిండు చూసినవా? దినమంత తిరిగి అందరివి మారుస్తుండు. చుక్కలది సన్నగుండె, దూరంకెళ్ళి కనవడకపోతుండె. ఇదైతే నిండుగున్నది. మస్తుంది కద?"

"ఉన్నది" అన్నాను.

"గని దీని మతలబు ఏందో చెప్పలేదన్నా. అడిగితే నవ్విండు. నీకెర్కనా?"

తెలియదని చెప్పాను. పదిమంది ముందు ఒకసారి విడమరిచి చెప్పి ఉన్నాను, మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు. దర్జీ ఇంకాసేపు తల పక్కకు వంచి మూలవైపు చూసి, బాగానే ఉంది అనుకుంటూ లోపలికి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టాడు.